కొంగ బొమ్మ ధూపం

దేవుణ్ని నమ్మనివాడికి అగరుబత్తుల కంపెనీలో ఏం పని అని నన్ను అడగని మనిషి లేడు. ఉప్పు అమ్మేవాడు సముద్రానికి మొక్కాలా అని ఎదురు అడిగేవాణ్ని. నాకు జీతమిచ్చింది వాసన చూడటానికి, దండం పెట్టడానికి కాదు. చందనం చందనమేనా, అందులో రంపపుపొట్టు ఎంత కలిసింది, అత్తరులో పూల నూనె ఎంత, రసాయనం ఎంత, ఇది చెప్పడమే నా ఉద్యోగం. బహ్రెయిన్‌లో ఉన్నన్నాళ్లూ అదే చేశాను.

గల్ఫ్‌కు కొత్తగా బయలుదేరే కుర్రవాళ్లు నా దగ్గరికొచ్చి వీసా గురించి, కఫీల్ గురించి, అంటే పూచీ ఉండే అక్కడి యజమాని గురించి అడుగుతుంటారు. అవి చెప్పేవాళ్లు ఊరికొకరున్నారు. నేను చెప్పదలచింది ఒక చైనా ధూపం గురించి, దాని డబ్బాకు కట్టిన ఒక కార్డు గురించి, ఆ కార్డును నమ్మిన ఒక మనిషి ఊపిరి గురించి. మీ ఉద్యోగం ఏదైనా సరే, మీ చేతిలో కూడా ఏదో ఒకరోజు అలాంటి కార్డు పెడతారు. అందుకని చెబుతున్నాను.

మా కంపెనీ గోదాము సల్మాబాద్‌లో, దుకాణం సీఫ్‌లోని ఒక పెద్ద మాల్‌లో. నేను పనిచేసేది దుకాణంలోనే. యజమాని బహ్రెయినీ పెద్దమనిషి, అందరం అర్బాబ్ అనేవాళ్లం. అక్కడ ధూపమంటే పొగ. ఇంటికొచ్చిన అతిథి లేచి వెళ్లేముందు నిప్పుల మీద అగరు చెక్క వేసి, ఆ పొగను బట్టలకు పట్టించి సాగనంపుతారు. పొగ ఎంత చిక్కగా ఉంటే మర్యాద అంత గొప్ప. అలాంటి చోటికి, పొగ వస్తుందో రాదో తెలియని చైనా ధూపాన్ని తెప్పించాడు మా అర్బాబ్. ఏదో ప్రదర్శనలో చూసి ముచ్చటపడ్డాడట.

సరుకు విప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. డబ్బాల మీద పాత చైనా చిత్రాలు. మంచులో మునిగిన కొండలు, ఒక దేవదారు చెట్టు, దాని కింద ఆవగింజంత మనిషి. మరో డబ్బా మీద సొరకాయ బుర్ర పట్టుకున్న గడ్డం ముసలాయన, ఇంకో దాని మీద ఒంటికాలి మీద నిలబడ్డ తెల్లని పక్షి. పుస్తకాల్లో దాన్ని బెగ్గురు అనాలట. మా అందరికీ అది కొంగే. ఏ బొమ్మ చూసినా సగానికి పైగా కాగితం ఖాళీ. లోపల సన్నని ధూపపు కడ్డీలు, వరసగా, దారపు పోగుల్లా.

మార్కెటింగ్ చూసే సహోద్యోగి గుంటూరు వైపు మనిషి. చురుకైనవాడు, మాటకారి. నన్ను గురువుగారూ అనేవాడు. అందులో సగం గౌరవం, సగం వెటకారం. ఆయన వెంటనే క్యాంటీన్ నుంచి ఒక అరటిపండు తెప్పించి, ఇంట్లో అలవాటు చొప్పున కడ్డీని దానికి గుచ్చాడు. అది పుటుక్కున విరిగింది. ఇంకోటి గుచ్చాడు, అదీ విరిగింది. మన అగరుబత్తికి వెదురుపుల్ల వెన్నెముక. వీటికి పుల్లే లేదు. ఒట్టి పొడిని చెట్టు బెరడు జిగురుతో ముద్దచేసి, దారంలా లాగి ఎండబెట్టినవి. అది తెలిసేసరికి పండు జల్లెడైంది, డబ్బాలో సగం ముక్కలయ్యాయి. మిగిలినవి వెలిగిస్తే సన్నని నూలు పోగంత పొగ. సేల్స్‌వాళ్లు సరుకు చెమ్మ పట్టిందని తేల్చి, ఆ ముక్కల్ని నిప్పుల మీద గుప్పెడు పోశారు. దుకాణమంతా కమురు వాసన. మిగిలిన ముక్కల్ని ఒక ప్లాస్టిక్ కవర్లో పోసి మూలన పెట్టారు. ఆ కవరును గుర్తుపెట్టుకోండి.

తర్వాతి వారం సరఫరా కంపెనీ తరఫున ఒక చైనా ఆవిడ వచ్చింది. మితభాషి. మా ఘనకార్యం విని నవ్వలేదు, కోప్పడలేదు. ఒక కంచు గిన్నెలో తెల్లని బూడిద పోసి, చిన్న తాపీలాంటి దాంతో చదును చేసింది. దాని మీద మేఘం ఆకారంలో చీల్చిన ఒక అచ్చు పెట్టి, చెంచాతో ధూపపు పొడి నింపి, అంచు మీద రెండు తట్లు తట్టి పైకెత్తింది. మన వాకిట్లో ముగ్గులాగా, తెంపులేని ఒకే గీతలో పొడి మేఘం. ఒక కొసన నిప్పు అంటించింది. ఆ నిప్పు ఎర్రచీమలా గీత వెంట పాకడం మొదలుపెట్టింది. గడియారాలు లేని కాలంలో ఇలాంటివి చూసే వేళ తెలుసుకునేవాళ్లని చెప్పింది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. ధూపం దేవుడికి లంచం కాకుండా మనిషికి గడియారం అయిన కాలం ఒకటి ఉందన్నమాట.

ఒక రకానికి చలికాలంలో పూసే ప్లమ్ పూల పేరు ఉంది. అందులో ఆ పువ్వు రేకైనా లేదు. చందనం, లవంగం, అగరు, కర్పూరం లాంటిది మరేదో కలిపి, మంచులో పూసిన ఆ పూల వాసనను మనిషి తన బుద్ధితో కట్టాడు. అలాంటిది చూస్తే నాకు దండం పెట్టాలనిపిస్తుంది. పువ్వుకు కాదు, కట్టినవాడికి.

మా మార్కెటింగ్ ఆయనకు ఇవేవీ పట్టలేదు. దీనివల్ల లాభమేమిటి మేడమ్ అని అడిగాడు. అది కాలినంతసేపు ఊరికే కూర్చోవచ్చు అంది ఆవిడ. అంతేనా అన్నాడు. ఆవిడ డబ్బా మీది బొమ్మలో ఖాళీ కాగితాన్ని వేలితో చూపించి, తమ దేశపు తావో మతం పెద్దలు వెతికింది ఇదేనని, బొమ్మలో కొండ కంటే ఈ ఖాళీయే ముఖ్యమని, ధూపం పని గదిలో కాస్త ఇలాంటి ఖాళీ చేయడమని చెప్పింది. ఈయన నా వైపు తిరిగి తెలుగులో మెల్లగా అన్నాడు: "గురువుగారూ, ఖాళీని ఎవడు కొంటాడండీ?"

అలా పుట్టింది కార్డు. సొరకాయ ముసలాయన అమృతం పంచే సిద్ధుడయ్యాడు. కొంగ నూరేళ్ల ఆయుష్షుకు పూచీ అయింది. ఈ ధూపం ఉబ్బసాన్ని తగ్గించును, దిష్టిని తొలగించును, ఆయువు పెంచును. ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ, మూడు భాషల్లో బంగారు అక్షరాలతో అచ్చువేసి డబ్బా డబ్బాకూ ఎర్ర దారంతో కట్టించాడు.

నేను ఊరుకోలేదు. కుర్రతనంలో బాబాల విభూతి గుట్టు సభలు పెట్టి విప్పినవాణ్ని, ఇలాంటి కార్డు చూస్తే నిద్రపట్టదు. రుజువేదీ అని అడిగాను. అత్తరుకు రుజువు అడుగుతామా, ఎవరి నమ్మకం వారిది అన్నాడాయన. నమ్మకానికీ మందుకూ మధ్య గీత ఉంది, ఊపిరితిత్తులకు పవిత్రమైన పొగా అపవిత్రమైన పొగా అని తేడా తెలియదు, పొగ పొగే అన్నాను. వాదన అర్బాబ్ దాకా వెళ్లింది. ఆయన ఇద్దరి మాటా విని, కార్డు అందంగా ఉంది, ఖలాస్ అన్నాడు. అక్కడికి అది తేలిపోయింది. వాదంలో ఓడితే మళ్లీ వాదించవచ్చు, అచ్చయిన కార్డుతో ఎవరు వాదిస్తారు?

నేనుండేది గుదైబియాలో. పాత మూడంతస్తుల బిల్డింగు, కింద లాండ్రీ, పక్కన కఫెటేరియా. పై అంతస్తు గదుల్లో జగిత్యాల, నిజామాబాద్ వైపు మనుషులు కలిసి ఉండేవాళ్లు. శుక్రవారం పొద్దున టీ దగ్గర నేను తాయెత్తుల మీద, ముహూర్తాల మీద వాళ్లతో పోట్లాడేవాణ్ని. బిల్డింగులో నా పేరు దేవుడు లేని సారు. వాళ్లు నవ్వుతూనే అనేవాళ్లు, నేను నవ్వుతూనే పలికేవాణ్ని.

వాళ్లలో ఒకాయన మా మాల్‌లోనే క్లీనింగ్ పని చేసేవాడు. నడివయసు మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఆయనకు ఉబ్బసం. హెల్త్ సెంటర్ డాక్టరు రోజూ పొద్దునా సాయంత్రం పీల్చే పంపు ఇచ్చాడు. దాన్ని జేబులో పెట్టుకునే డ్యూటీకి వచ్చేవాడు. ఒక పొద్దున మెట్ల మీద ఆయన గోడ పట్టుకుని ఆగిపోవడం చూశాను. ఛాతీలో పిల్లి కూసినట్టు చప్పుడు. పంపు ఏదని అడిగాను.

"బందు జేసిన సారూ. అది అలవాటైతే సచ్చేదాంక ఇడువదంట గద. ఇప్పుడు మీ ధూపమే పట్టుకుంటున్న."

పైకి వెళ్లి చూస్తే, కిటికీ మూసిన గదిలో ఒక మంచం పక్కన పెరుగు డబ్బా మూతలో మా కడ్డీల ముక్కలు. ఆనాటి ప్లాస్టిక్ కవరు. చెత్తలో వేయమని సేల్స్‌వాళ్లు ఇస్తే, కార్డు మీది హిందీని కూడబలుక్కుని చదివి ఈయన గదికి తెచ్చుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇది మందు కాదు, విషంతో సమానం నీకు, ఎవరు చెప్పారు నమ్మమని అని గదమాయించాను.

ఆయన ఆయాసంతోనే నవ్వాడు.

"ఎవలో ఎందుకు జెప్తరు సారూ? దేవునికే దండం పెట్టనోనివి నువ్వు. తాయెత్తు అబద్ధమంటివి, దిష్టి అబద్ధమంటివి. అసొంటి నువ్వే దుకాణంల నిలవడి అమ్ముతున్నవంటే, గది నిజమైన మందే గద?"

నా జీవితంలో నేను ఎన్నో చర్చల్లో మాట్లాడాను. నన్ను అంత శుభ్రంగా నోరు మూయించిన వాదం మరొకటి లేదు. బంగారు అక్షరాల కంటే, మూడు భాషల కంటే, ఆ మనిషికి గట్టి పూచీ నా నాస్తికత్వం. ఆ కార్డు కింద నేను చేయని సంతకం ఆయన చదువుకున్నాడు.

తిట్టి లాభం లేదు, చూపించాలి అనుకున్నాను. డ్యూటీకి వెళ్లేముందు మందుల షాపులో ఊపిరి బలం కొలిచే గొట్టం ఒకటి కొన్నాను. చేతిలో ఇమిడే ప్లాస్టిక్ గొట్టం, పక్కన ఒక చిన్న ముల్లు. గట్టిగా ఊదితే ముల్లు పైకి జరుగుతుంది. ఎంత ఊపిరి ఉంటే అంత పైకి. ఆ సాయంత్రం గదికి తీసుకెళితే అందరూ మూగారు. ఒక వడ్రంగి అందరికంటే ఎత్తుకు ఊది, సర్పంచి ఎన్నిక గెలిచినట్టు తిరిగాడు. మా ఉబ్బసం మనిషి ధూపం వెలిగించకముందు ఊదాడు. ముల్లు ఆగినచోట స్కెచ్ పెన్నుతో గీత పెట్టాను. తర్వాత ఆయన నేను వద్దంటున్నా వినకుండా రోజూలాగే ఒక ముక్క వెలిగించాడు. అది ఆరిపోయాక మళ్లీ ఊదించాను. ముల్లు ఆ గీత దరిదాపులకు కూడా రాలేదు. మళ్లీ ఊదాడు. దగ్గు ముంచుకొచ్చింది. నేను వెళ్లి కిటికీ తెరిచాను.

ఆయన ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పంపు అమ్మే షాపోడే గొట్టం కూడా అమ్ముతున్నాడు కదా, వాడి లెక్క వాడికి ఉండదా అన్నాడు. పక్కనున్న వడ్రంగి, "మరి నాకెందుకు మీదికి వోయిందే?" అన్నాడు. ఈయన గొట్టం నా చేతిలో పెట్టేశాడు. నా మొహంలోకి చూసి అన్నాడు:

"గీ గొట్టం ఒక తీరు జెప్తున్నది. ఆ కార్డు మూడు భాషలల్ల ఇంకో తీరు జెప్తున్నది. అబద్ధమైతే నీ దుకాణంల ఎందుకు ఉంచిన్రు? తీసెయ్యిండ్రి. అప్పుడు నీ మాట ఇంట."

న్యాయమైన షరతు. ఇంతకంటే హేతుబద్ధమైన మాట నేను ఏ సభలోనూ వినలేదు. ఆయన ఛాతీలో ఆ కూత చప్పుడు వింటుంటే, నా దగ్గర ఎక్కువ వ్యవధి లేదని కూడా తెలుస్తోంది.

దుకాణంలో అప్పటికే అమ్ముతున్న ధూపానికి ఆ వారంలోనే మాల్‌లో అట్టహాసంగా ఆవిష్కరణ. దుకాణం ముందు వరండాలో ఎర్రగుడ్డ పరిచిన బల్ల, కొండల చిత్రాల తెరలు, డబ్బాల గోపురం, గోపురం నిండా ఎర్ర దారాల కార్డులు. అచ్చుతో మేఘం వేయడం చైనా ఆవిడ తర్వాత నాకొక్కడికే చేతనయ్యేది. అందుకని ఆమె పక్కన నన్ను నిలబెట్టారు. పొద్దున్నే అర్బాబ్ దగ్గరికి గొట్టం తీసుకెళ్లి, పై అంతస్తు గది సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. పాపం అన్నాడు. ఈ రోజు కాదు, అతిథులు వస్తున్నారు, తర్వాత చూద్దాం అన్నాడు. తర్వాత అనే మాట నాకు బాగా తెలుసు. సంస్కరణ సభల్లో పెద్దమనుషులందరూ చెప్పే మాట అదే.

వరండా చివర మా మనిషి తన చెత్త బండితో డ్యూటీలో ఉన్నాడు. తుడుస్తున్నాడు, ఆగుతున్నాడు, మళ్లీ తుడుస్తున్నాడు. బల్ల వైపు చూస్తున్నాడు.

నేను రెండో మేఘం వేస్తుండగా ఒక తల్లి ఏడెనిమిదేళ్ల కొడుకు చేయి పట్టుకుని వచ్చింది. మన దేశపు మనిషే. కార్డు చదివి, మా వాడికి ఆయాసం, ఇది పనిచేస్తుందా అని హిందీలో అడిగింది. మార్కెటింగ్ ఆయన గబగబా నా భుజం మీద చేయి వేసి, మా క్వాలిటీ ఇన్‌చార్జ్ చెబుతారు అన్నాడు. ఆయనకు దురుద్దేశమేమీ లేదు. నా నోటి నుంచి వస్తే నమ్ముతారని అంతే. పైగది మనిషి కనిపెట్టిన సూత్రాన్నే ఈయనా కనిపెట్టాడు.

చెంచా కింద పెట్టాను. పనిచేయదు అన్నాను. పొగ తగిలితే పిల్లవాడికి ఎక్కువవుతుంది, డాక్టరిచ్చిన మందు మాత్రం మానకండి, ఈ కార్డులో రాసింది అబద్ధం అన్నాను. ఆమె డబ్బా దించి, పిల్లవాణ్ని తన వెనక్కి లాక్కుని వెళ్లిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు కార్డులు తిప్పి చూడసాగారు.

"ఏంటండీ గురువుగారూ ఇది? ఇక్కడా ఉపన్యాసమేనా?" అన్నాడు మా సహోద్యోగి పళ్లబిగువున.

ఉపన్యాసం ఇవ్వలేదు. గోపురం దగ్గరికి వెళ్లి మొదటి డబ్బా దారం తెంపాను. రెండోది తెంపాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు, విడిపించుకున్నాను. కార్డులు గుప్పెడయ్యాయి, దోసెడయ్యాయి. ఎక్కడ పడేయాలో తెలియక వెనక్కి తిరిగేసరికి, చెత్త బండి నా పక్కనే ఉంది. ఎప్పుడు తోసుకొచ్చాడో తెలియదు. నల్ల సంచి నోరు రెండు చేతులతో వెడల్పుగా తెరిచి పట్టుకుని ఉన్నాడు.

"గిదంత చెత్తేనా సారూ?"

"చెత్తే."

"నువ్వే జెప్తున్నవా?"

"నేనే చెబుతున్నాను."

దోసెడు కార్డులు సంచిలో పడ్డాయి. చైనా ఆవిడ బల్లకు రెండో వైపు నుంచి దారాలు విప్పడం మొదలుపెట్టింది. తెంపలేదు, ముడి ముడీ ఓపికగా విప్పింది. పని అయ్యాక ఆయన సంచి మూతి బిగించి ముడివేసి, యల్లా, ఇక పద అని తనకు తనే చెప్పుకుని, బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. మా అర్బాబ్ కొద్ది దూరంలో అతిథులతో నిలబడి ఇదంతా చూశాడు. ఆ తర్వాత నా వైపు చూడలేదు.

నేను గెలిచానని మీరు అనుకుంటే పొరపాటు. మర్నాడే నన్ను దుకాణం నుంచి తీసి గోదాముకు పంపారు. పదవీ విరమణ దాకా అక్కడే, డబ్బాల మధ్య. కార్డులు తీయవలసింది దుకాణం మూశాక, అతిథుల ముందు కాదు అని అర్బాబ్ కబురు చేశాడు. తీయకూడదని మాత్రం అనలేదు. పాత కార్డు మళ్లీ అచ్చు కాలేదు. కొత్తది వచ్చింది. అందులో మనశ్శాంతి కలిగించును అని ఉంది. కలిగించుగాక, మనశ్శాంతిని కొలిచే గొట్టం నా దగ్గర లేదు. మా మార్కెటింగ్ ఆయన కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు గోదాముకు వచ్చి, మా నాన్నకూ ఆయాసమే గురువుగారూ, ఆ గొట్టం ఎక్కడ దొరుకుతుంది అని అడిగాడు. చెప్పాను. ఇద్దరం టీ తాగాం.

ఇక ఆ మనిషి సంగతి. ఆవిష్కరణ మర్నాడు పొద్దున నేను మెట్లు దిగుతుంటే పై నుంచి ఉస్‌మని పంపు చప్పుడు వినబడింది. కాసేపాగి మళ్లీ ఒకసారి. నేను ఆగి విన్నానే గాని పైకి వెళ్లలేదు. కొన్ని వారాలకు గొట్టంలో ముల్లు నా పాత గీత దాటింది. ఇంకొన్నాళ్లకు ఆయన వడ్రంగితో పందెం కట్టి ఓడిపోయాడు, ఓడిపోయినందుకు గొడవ పడ్డాడు. గొడవ పడేంత ఊపిరి ఉంది కదా అని నాకు సంతోషం.

ఒక శుక్రవారం టీ దగ్గర పక్కకు పిలిచి, గోదాములో కొంగ బొమ్మ ఖాళీ డబ్బా ఉంటే ఒకటి ఇమ్మన్నాడు. మళ్లీ మొదలైందా అనుకున్నాను. ఎందుకని గట్టిగా అడిగాను. జేబులో పెడితే పంపు మూతికి దుమ్ము పడుతోందట, పెట్టుకోవడానికట. మర్నాడు తెచ్చి ఇచ్చాను. పంపు అందులో సరిగ్గా ఇమిడింది. మూత మీద కొంగను బొటనవేలితో తుడిచాడు.

"ఈ కొంగ నూరేండ్లు బతుకుతదంట గద సారూ. గిదన్న నిజమేనా?"

"కొంగ సంగతి నాకు తెలియదు. నువ్వు మాత్రం లోపలున్నది రోజూ పీల్చు."

ఆయన మూత తీసి, వాసన బాగుంది అన్నాడు. అది మాత్రం నిజం. వాసన చాలా బాగుంది.